ఆప్షన్లు చదివే కోడ్ మారినప్పుడు రివ్యూ ఎక్కడ మొదలుపెట్టాలి

రాయగడలో ఉన్న మీరూ, పర్లాకిమిడి, బరంపురాల్లో ఉన్న మీ మిత్రులూ కలిసి నడుపుతున్న ఓపెన్ సోర్స్ సాధనం ఒడియా లిపిలోని పేర్ల జాబితాలను తెలుగు లిపిలోకి మారుస్తుంది. సీ భాషలో రాసిన ఆ సాధనంలో కమాండ్ లైన్ ఆప్షన్లను (ప్రోగ్రామును పిలిచేటప్పుడు దాని పేరు పక్కన గీతతో కొట్టే సూచనలను) ఇన్నాళ్లూ చేత్తో రాసుకున్న ఒక లూపు చదివేది. ఇప్పుడు కొత్తగా చేరిన ఒకరు ఆ లూపును తీసేసి ఆప్షన్లు చదవడానికి లైబ్రరీలో సిద్ధంగా ఉండే గెట్‌ఆప్ట్ లాంగ్ ఫంక్షన్‌ను పెట్టారు. దాంతోపాటే మూడు ఆప్షన్లను చేర్చారు: ఫలితపు ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉండాలో చెప్పే --అవుట్‌పుట్-ఎన్‌కోడింగ్, లేబుళ్ల కోసం ఒక్కో పేరును ఎన్నిసార్లు వేయాలో చెప్పే --కాపీస్, వచ్చిన ఫైలునే మార్చి పెట్టే --ఇన్‌ప్లేస్. పరీక్షలన్నీ పాసయ్యాయి, కోడ్ పాతదానికన్నా శుభ్రంగా ఉంది, ఇంకా ఏం చూడాలని మీరు అడిగారు.

చూడవలసింది చాలానే ఉంది, అయితే అందులో ఎక్కువ భాగం డిఫ్‌లో, అంటే పాత కోడ్‌కూ కొత్త కోడ్‌కూ తేడా చూపే వరుసల్లో, కనబడదు. ఆప్షన్లు చదివే కోడ్‌కు అసలు వాడుకరులు మనుషులు కారు, స్క్రిప్టులు. బరంపురంలో పెళ్లి శుభలేఖలు అచ్చువేసే దుకాణాల్లో మీ సాధనాన్ని వాడుతున్నారని మీరే రాశారు. అక్కడ ఎవరో ఒకసారి రాసిపెట్టిన నాలుగు వరుసల స్క్రిప్టు ఏళ్ల తరబడి అలాగే నడుస్తుంటుంది. రాసినవారు ఉద్యోగం మారి వెళ్లిపోయి ఉంటారు, మీ విడుదల ప్రకటనను ఆ దుకాణంలో ఎవరూ చదవరు. కాబట్టి నేనైతే డిఫ్‌ను తెరవకముందే ఒక ఖాళీ ఫైలులో, ఇప్పటివరకు పనిచేస్తూ వచ్చిన పిలుపులన్నింటినీ, అంటే ఎవరైనా టెర్మినల్‌లో కొట్టగలిగిన పూర్తి వరుసలను, రాసుకుంటాను. డాక్యుమెంటేషన్‌లో ఉన్నవి మాత్రమే చాలవు. పాత లూపు పొరపాటున ఒప్పుకున్నవి కూడా అందులో ఉండాలి, ఎందుకంటే తప్పుగా కొట్టినా పనిచేసిందంటే ఎవరో ఒకరు దాన్ని స్క్రిప్టులో పెట్టుకునే ఉంటారు. ఆ జాబితాను పాత ప్రోగ్రాముకూ కొత్త ప్రోగ్రాముకూ ఇచ్చి చూస్తే మీ రివ్యూలో సగం అక్కడే తేలిపోతుంది.

మీ విషయంలో ఏం తేలుతుందో చెబుతాను. మీరు పంపిన పాత లూపులో ఒక్క గీత పెట్టి రాసిన -అవుట్‌పుట్ కూడా, రెండు గీతలు పెట్టిన --అవుట్‌పుట్ కూడా చెల్లుతాయి. గెట్‌ఆప్ట్ లాంగ్ అలా చూడదు. ఒక్క గీత తర్వాత వచ్చే ప్రతి ఇంగ్లిషు అక్షరాన్నీ అది విడి ఆప్షనుగా తీసుకుంటుంది. మొదటి అక్షరం ఓ, ఆ ఆప్షనుకు విలువ అవసరం, కాబట్టి మిగిలిన 5 అక్షరాలనూ ఏ ఫిర్యాదూ లేకుండా ఫైలు పేరుగా భావించి ఇస్తుంది, మీ ప్రోగ్రాము ఆ వింత పేరుతో ఒక ఫైలును తయారుచేస్తుంది. అసలు ఫైలు పేరేమో మార్చవలసిన జాబితాల్లో ఒకటిగా లెక్కకు వస్తుంది. అలాగే పాత లూపు -ఓ=పేరు అన్న రూపాన్ని కూడా ఒప్పుకునేది, ఇప్పుడు ఆ సమాన చిహ్నం ఫైలు పేరులో భాగమైపోతుంది. ఎర్రర్ వచ్చి ఆగిపోయే తేడా అయితే ఆ రోజే బయటపడుతుంది. ఎర్రర్ రాకుండా వేరే పని చేసే తేడానే రివ్యూలో పట్టుకోవాలి, అది పరీక్షలకు చిక్కదు, ఎందుకంటే పరీక్షలు రాసినవారు సరైన రూపాలనే రాస్తారు.

రెండో తేడా భవిష్యత్తుకు సంబంధించినది, ఇది చాలామందికి తట్టదు. గెట్‌ఆప్ట్ లాంగ్ పొడుగు ఆప్షన్ల కుదింపులను కూడా ఒప్పుకుంటుంది, మరో ఆప్షనుతో తికమక రానంతవరకు --వెర్షన్‌ను సగం వరకు కొట్టినా చాలు. ఈ సౌకర్యం వల్ల మీరు ఎక్కడా రాయని పేర్లు కూడా మీ ఇంటర్‌ఫేస్‌లో భాగమైపోతాయి. ఈ ప్యాచ్‌లో, అంటే మీకు వచ్చిన మార్పుల్లో, --అవుట్‌పుట్ పక్కనే --అవుట్‌పుట్-ఎన్‌కోడింగ్ చేరింది కాబట్టి --అవుట్ అన్న కుదింపు మొదటిరోజు నుంచే అస్పష్టమై ఎర్రర్ అవుతుంది. మీ పాత లూపు మొదటి మూడు అక్షరాలనే పోల్చేది కనుక --అవుట్ ఇప్పటిదాకా పనిచేసింది, ఈ విడుదలతో ఆగిపోతుంది. పేరును పూర్తిగా కొడితే చిక్కు లేదు, కచ్చితంగా సరిపోయిన పేరుకే మొదటి హక్కు. అందువల్ల ఇలాంటి ప్యాచ్‌లో నేను ఆప్షన్ల పట్టిక మొత్తాన్ని అక్షర క్రమంలో పెట్టి, కొత్త పేరు ఏ పాత పేరుతో మొదలవుతోందో చూస్తాను. ఇదే ఎన్‌కోడింగ్ ఆప్షనుకు ఆ పదంతోనే మొదలయ్యే పేరు పెట్టి ఉంటే ఈ గొడవే రాదు. పేరు మార్చమని అడగడానికి విడుదలకు ముందున్న సమయం ఒక్కటే తగినది, విడుదలయ్యాక అడగలేరు. పైథాన్‌లో ఆప్షన్లు చదివే ఆర్గ్‌పార్స్ కూడా ఇలాగే కుదింపులను ఒప్పుకుంటుంది. దాన్ని ఆపే వీలు 3.5 వెర్షన్ నుంచి ఉంది, కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్టులో ఆపివేయమనే నా సలహా.

ఇక కోడ్‌లోకి వస్తే, మీరు పంపిన భాగంలో అన్నింటికన్నా ముందు నా కన్ను పడింది లూపు పైనున్న ఒక చిన్న వరుస మీద. గెట్‌ఆప్ట్ లాంగ్ తిరిగిచ్చే విలువను క్యార్ రకం (ఒక్క అక్షరం పట్టే) వేరియబుల్‌లో దాచుకుని, అది మైనస్ 1కి సమానం కానంతసేపు లూపు తిరగాలని రాశారు. ఆ ఫంక్షన్ ఇచ్చేది ఇంట్, అంటే పూర్ణ సంఖ్య, అక్షరం కాదు. ఆప్షన్లు అయిపోయాయని చెప్పడానికి అది మైనస్ 1 ఇస్తుంది. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ మీద క్యార్ రుణ సంఖ్యలను కూడా పట్టగలదు కాబట్టి ఇది చక్కగా నడుస్తుంది. ఆర్మ్ ప్రాసెసర్ మీద లినక్స్‌లో క్యార్‌కు రుణ సంఖ్యలు ఉండవు. మైనస్ 1 అందులో పడగానే 255 అవుతుంది, పోలిక ఎప్పటికీ నిజం కాదు, లూపు ఆగదు. మీ పరీక్షలు నడిచే సర్వర్ ఇంటెల్ రకమైతే ఇది ఎన్నటికీ బయటపడదు. బడిలో రాస్ప్‌బెర్రీ పై మీద ఎవరైనా నడిపిన రోజున ప్రోగ్రాము బిగుసుకుపోయిందని ఫిర్యాదు వస్తుంది. ఇది ఎంత పాత పొరపాటో అంత తరచుగా నేటికీ కనబడుతుంది, రాసినవారిని తప్పుపట్టవలసినది కాదు, ఒక్క పదం మారిస్తే చాలు.

అదే లూపు చుట్టూ ఇంకొన్ని చోట్ల చూపు ఆనించాలి. పొట్టి ఆప్షన్ల అక్షరాలను వరుసగా రాసిన స్ట్రింగులో, విలువ కావలసిన అక్షరం తర్వాత కోలన్ ఉండాలి. పొడుగు ఆప్షన్ల పట్టికలో అదే ఆప్షనుకు విలువ అవసరమని విడిగా రాయాలి. ఈ రెండూ ఒకదాన్నొకటి చూసుకోవు, కాబట్టి ఒకచోట రాసి మరోచోట మరిచిపోతే పొట్టి రూపం ఒకలా, పొడుగు రూపం మరోలా ప్రవర్తిస్తాయి. మీ ప్యాచ్‌లో --కాపీస్‌కు సరిగ్గా ఇదే జరిగింది, దాని పొట్టి అక్షరం తర్వాత కోలన్ లేదు. పట్టిక చివర అంతా సున్నాలతో ఉన్న వరుస ఉందో లేదో చూడండి, అది లేకపోతే ఫంక్షన్ పట్టిక దాటి చదువుతుంది. పొట్టి రూపం లేని ఆప్షన్లకు ఇచ్చే సంఖ్యలు 255ను మించి ఉంటే ఏ అక్షరంతోనూ ఢీకొనవు. స్విచ్‌లో బ్రేక్ మరిచిపోవడం గురించి కంపైలర్ హెచ్చరిస్తుంది కాబట్టి దాని మీద నేను సమయం పెట్టను, ఆ హెచ్చరికలు ఆన్‌లో ఉన్నాయో లేదో మాత్రం అడుగుతాను.

--ఇన్‌ప్లేస్‌ను విలువ ఇచ్చినా ఇవ్వకపోయినా చెల్లే ఆప్షనుగా పెట్టారు. విలువ ఇస్తే అది పేరు చివర తోకగా చేరి పాత ఫైలు నకలు ఉంటుంది, ఇవ్వకపోతే ఉండదు. ఇలాంటి అరకొర విలువలను వద్దనే యూనిక్స్ తరహా సిస్టములకు ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ మార్గదర్శకాలు చెబుతాయి, దానికి కారణం ఫైళ్లలో మాటలు మార్చే సెడ్ కమాండ్‌ను రెండు సిస్టముల మీద వాడినవారికి తెలిసే ఉంటుంది. లినక్స్‌లో మామూలుగా ఉండే గ్నూ సెడ్‌లో -ఐ పక్కన తోక అంటుకుని ఉండాలి, లేకపోతే తోక లేనట్టే. మ్యాక్‌లోని సెడ్‌కు తోక తప్పనిసరి, అక్కర్లేనివారు ఖాళీ కొటేషన్లు పెట్టాలి. ఒకచోట రాసిన స్క్రిప్టు రెండోచోట తర్వాతి మాటనే తోక అనుకుంటుంది. గెట్‌ఆప్ట్ లాంగ్‌లో ఐచ్ఛిక విలువను సమాన చిహ్నంతో అంటించి ఇస్తేనే విలువగా లెక్క. ఖాళీ వదిలి రాస్తే అది విడి ఫైలు పేరైపోతుంది. అసలు ఫైలు పేరు దానికి ముందు ఉంటే, మీ సాధనం ఆ తోకను ఫైలుగా వెతికి, దొరకలేదని చెప్పేలోపే అసలు ఫైలును నకలు లేకుండా మార్చేసి ఉంటుంది. డేటా పోయే అవకాశం ఉన్న ఆప్షనులో ఈ వెసులుబాటు ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. నకలు కావాలన్న మాటను --బ్యాకప్ అనే విడి ఆప్షనుగా పెట్టి, దానికి విలువ తప్పనిసరి చేయమనండి.

సంఖ్యల దగ్గరికి వద్దాం, మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఇక్కడే ఉంది. --కాపీస్ విలువను, స్ట్రింగును సంఖ్యగా మార్చే ఏటూఐ ఫంక్షన్‌తో చదివారు. అది చదవలేకపోతే సున్నా ఇస్తుందే తప్ప తప్పు జరిగిందని చెప్పదు. ఒడియా జాబితాలతో పనిచేసేవారి కీబోర్డు చాలాసార్లు ఒడియా అంకెల్లోనే ఉండిపోతుంది, కొందరు తెలుగు అంకెలు కూడా కొడతారు. --కాపీస్ ౧౨ అని వచ్చిందనుకోండి, ఏటూఐ దృష్టిలో అది సున్నా, లేబుళ్ల ఫైలు ఖాళీగా వస్తుంది, ప్రోగ్రాము విజయవంతంగా ముగిసినట్టే చెబుతుంది. పైథాన్‌లో ఇంట్ ఫంక్షన్ అదే ౧౨ను చక్కగా 12గా చదువుతుంది, ఒడియా అంకెలనూ చదువుతుంది. మీవద్ద పైథాన్‌లో రాసిన తోడు స్క్రిప్టు కూడా ఉంది కాబట్టి, ఒకే విలువను ఒకటి ఒప్పుకుని మరొకటి మౌనంగా సున్నా చేసే పరిస్థితి వస్తుంది. ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, రెండింటిలోనూ ఒకే నిర్ణయం ఉండాలి, తిరస్కరిస్తే గట్టిగా తిరస్కరించాలి. సీలో అయితే అదే పని చేసే ఎస్‌టీఆర్‌టోల్ వాడి, చదవడం ఎక్కడ ఆగిందో చూసి, స్ట్రింగు చివరిదాకా రాకపోతే ఎర్రర్ ఇవ్వమనండి. రుణ సంఖ్యలు వద్దనుకుని ఎస్‌టీఆర్‌టోయూల్‌కు మారితే సమస్య తీరుతుందని కొందరు అనుకుంటారు, తీరదు. అది మైనస్ 1ని కూడా తీసుకుని బ్రహ్మాండమైన ధన సంఖ్యగా మార్చి ఇస్తుంది. హద్దులను మీరే పరీక్షించాలి.

ఇదే కోవలో గీత సంగతి కూడా ఉంది. వాడే విధానాన్ని వర్డ్‌లో రాసి వాట్సాప్‌లో పంపుకునే అలవాటు ఉన్నచోట రెండు చిన్న గీతలు కలిసి ఒక పొడుగు డ్యాష్‌గా మారిపోతాయి. దాన్ని కాపీ చేసి కొడితే ప్రోగ్రాముకు అది ఆప్షను కాదు, దొరకని ఫైలు పేరు. ఎర్రర్ సందేశంలో వచ్చిన మాటను కొటేషన్లలో ఉన్నది ఉన్నట్టు చూపిస్తే చాలు, వాడుకరి తానే గుర్తుపడతారు. దయతలచి పొడుగు డ్యాష్‌ను కూడా గీతగా ఒప్పుకుందామని ఎవరైనా ప్యాచ్ పంపితే మాత్రం వద్దనండి. 2012లో పీహెచ్‌పీ సీజీఐలో (వెబ్ సర్వర్ పీహెచ్‌పీ ప్రోగ్రాములను నడిపే ఒక పద్ధతి), వెబ్ చిరునామాలోని ప్రశ్నార్థకం తర్వాతి భాగం కమాండ్ లైన్ ఆప్షనుగా చేరిపోయే లోపం బయటపడింది. గీతతో మొదలయ్యే వాటిని ఆపి దాన్ని సరిచేశారు. 2024లో విండోస్ మీద ఆ రక్షణను దాటేశారు. సాఫ్ట్ హైఫన్ అనే వేరే అక్షరాన్ని ఆ సిస్టము కొన్ని భాషల అమరికల్లో మామూలు గీతగా మార్చి ఇవ్వడమే దానికి కారణం. గీతలాంటిదంతా గీతే అనుకోవడం అంత ప్రమాదకరం.

గుణుపురంలో ఒకరు మీ సాధనాన్ని వెబ్ పేజీ వెనుక పెట్టి నడుపుతున్నారని రాశారు కాబట్టి భద్రత గురించి మరికాస్త చెప్పాలి. బయటివారు ఇచ్చిన పేరు గీతతో మొదలైతే అది ఆప్షనుగా చెలామణి అవుతుంది. 2017లో కోడ్ చరిత్రను దాచే గిట్‌లో బయటపడిన లోపం సరిగ్గా ఇదే: రిపాజిటరీ చిరునామాలో హోస్టు పేరు గీతతో మొదలయ్యేలా రాస్తే, గిట్ దాన్ని దూరపు కంప్యూటరుకు కలిపే ఎస్ఎస్‌హెచ్‌కు అందించేది, ఎస్ఎస్‌హెచ్ దాన్ని ఆప్షనుగా చదివి దాడిచేసేవారు కోరిన కమాండ్‌ను నడిపేది. గిట్ లాంటివే అయిన మెర్క్యురియల్, సబ్‌వెర్షన్‌లు కూడా అదే సమయంలో అదే లోపాన్ని సరిచేసుకున్నాయి. విడిగా ఉన్న రెండు గీతలు వస్తే ఆ తర్వాత ఆప్షన్లు లేవని అర్థం. గెట్‌ఆప్ట్ లాంగ్ దాన్ని తానే పాటిస్తుంది, పాత లూపు పాటించేది కాదు. ఈ ప్యాచ్‌లో నాకు బాగా నచ్చిన మెరుగు అదే, రివ్యూలో ఆ మాట కూడా రాయండి. వెబ్ పేజీ నడిపేవారికి ఫైలు పేర్లకు ముందు ఆ రెండు గీతలు పెట్టమని చెప్పండి.

ఆప్షన్లు ఒక్కొక్కటిగా సరిగ్గా ఉన్నా, కలిసినప్పుడు ఏమవుతుందో చూడకపోతే ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి, వేరొకరి హక్కులతో కమాండ్‌ను నడిపించే సుడో ప్రోగ్రాము ఉదంతాన్ని మించింది లేదు. సుడోలో ఎడిట్ పని అడిగినప్పుడు షెల్ ఆప్షన్ చెల్లదు, -ఈ, -ఎస్ రెండూ కలిపి ఇస్తే ప్రోగ్రాము కాదంటుంది. కానీ అదే పనిని సుడోఎడిట్ అన్న పేరుతో పిలిస్తే ఎడిట్ స్థితి పెట్టేవారే తప్ప, ఏ ఆప్షన్లు చెల్లుతాయన్న జాబితాను కుదించేవారు కాదు. దాంతో షెల్ ఆప్షన్ కూడా లోపలికి వచ్చేది. ఒకచోట కోడ్ ఆర్గ్యుమెంట్లలోని ప్రత్యేక అక్షరాల ముందు బ్యాక్‌స్లాష్‌లు చేర్చేది, మరోచోట కోడ్ వాటిని తీసేసేది. ఈ చెల్లని కలయికలో చేర్చే పని జరగదు, తీసే పని మాత్రం జరుగుతుంది. ఆర్గ్యుమెంటు చివర ఒంటరి బ్యాక్‌స్లాష్ ఉంటే తీసే కోడ్ స్ట్రింగు ముగింపును దాటి రాసుకుంటూ పోయేది, ఏ మామూలు వాడుకరైనా రూట్, అంటే సిస్టము మీద సర్వాధికారి, కాగలిగేవారు. 2011 జూలైలో చేరిన ఈ లోపం 2021 జనవరిలో 1.9.5పీ2 విడుదలతోగానీ సరికాలేదు. ఆ మార్పులను చూసిన వారెవరికీ నైపుణ్యం తక్కువని నేననను. ఏ ఆప్షను దేనితో కలవవచ్చన్న పరీక్ష ఒకచోట, ఆ నమ్మకం మీద నడిచే కోడ్ ఇంకోచోట ఉన్నప్పుడు మనిషి కన్ను రెండింటినీ ఒకేసారి చూడలేదు.

మీ సాధనానికి రూట్ హక్కులు లేవు, అంత ప్రమాదం లేదు. అయినా --ఇన్‌ప్లేస్, --అవుట్‌పుట్ కలిపి ఇస్తే ఏం కావాలి? ఫైలు బదులు ఒంటరి గీత ఇచ్చి ప్రామాణిక ఇన్‌పుట్ నుంచి చదవమంటే --ఇన్‌ప్లేస్ దేన్ని మార్చాలి? ప్యాచ్‌లో వీటికి జవాబు లేదు, ప్రస్తుతం ఏది చివర వస్తే అది గెలుస్తోంది. ఒకే ఆప్షను రెండుసార్లు వచ్చినప్పుడు చివరిదే గెలవడం మంచి సంప్రదాయం, ఏలియాస్‌లో (కమాండ్‌కు పెట్టుకున్న సొంత పొట్టి పేరులో) ఒకటి పెట్టుకుని అవసరమైనప్పుడు చివర మరొకటి కొట్టేవారు దానిమీదే ఆధారపడతారు. పరస్పరం పొసగని రెండు వేర్వేరు ఆప్షన్లకు మాత్రం అది పనికిరాదు, అక్కడ ఎర్రర్ రావాలి. ఆ పరీక్షలన్నీ లూపు ముగిశాక ఒకేచోట, ఏ ఫైలునూ తెరవకముందే జరగాలని కోరండి.

హెల్ప్ గురించి క్లుప్తంగా చెబుతాను. అడిగితే వచ్చే హెల్ప్ ప్రామాణిక అవుట్‌పుట్‌కు వెళ్లి సున్నాతో ముగియాలి, తప్పు ఆప్షనుకు వచ్చే సందేశం ఎర్రర్ అవుట్‌పుట్‌కు వెళ్లి సున్నా కానిదానితో ముగియాలి. మీ ప్యాచ్‌లో రెండూ సున్నాతోనే ముగుస్తున్నాయి, అంటే స్క్రిప్టులో తర్వాతి కమాండ్ ఏమీ జరగనట్టు నడిచిపోతుంది. హెల్ప్‌ను తెలుగులో కూడా ఇచ్చారు, సంతోషం. కానీ వరుసలు వంకరగా ఎందుకు వస్తున్నాయని ప్యాచ్ రాసినవారు అడిగిన ప్రశ్నకు జవాబు ఇది: తెర మీద వరుసలు వేసే ప్రింట్ఎఫ్‌లో ఇచ్చే వెడల్పు బైట్ల లెక్క. తెలుగు అన్న మాట తెర మీద 3 అక్షరాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. అక్షరాల వెడల్పు లెక్కించే కోడ్ రాయడం పెద్ద పని, దానికన్నా ఆప్షను ఒక వరుసలో, వివరణ దాని కింది వరుసలో జరిపి పెట్టడం మేలు.

ఇదంతా ఒకేసారి ఆ కొత్తవారి మీద కుమ్మరించకండి. మొదటి వ్యాఖ్యలో అడగవలసింది ఒక్కటే, ప్యాచ్‌ను విడగొట్టమని. పాత ఆప్షన్లతో మాత్రమే గెట్‌ఆప్ట్ లాంగ్‌కు మారే కమిట్ (చరిత్రలో విడిగా నమోదయ్యే మార్పు) ఒకటి, ఆ తర్వాత ఒక్కో కొత్త ఆప్షనుకూ దాని హెల్ప్, మ్యాన్ పేజీ, పరీక్షలతో సహా ఒక్కో కమిట్. మొదటి కమిట్‌లో ప్రవర్తన మారకూడదు కాబట్టి, మీరు రాసుకున్న పిలుపుల జాబితాను వారికే ఇచ్చి పరీక్షలుగా చేర్చమనవచ్చు. అది కొత్తవారికి చేతనైన పని, ప్రాజెక్టుకు మిగిలిపోయే పని. క్యార్ వరుసను, కోలన్‌ను మీరే సూచన రూపంలో సరిచేసి చూపించండి, వాటి మీద చర్చ అక్కర్లేదు. --ఇన్‌ప్లేస్ మీద మాత్రం తొందరపడకండి, మిగిలినవి చేరిపోయాక దానికి విడిగా చర్చ పెట్టండి.

ఇక --అవుట్ సంగతి. పేరు మార్చడానికి ప్యాచ్ రాసినవారు ఒప్పుకోకపోతే, --అవుట్ అన్న పేరునే పట్టికలో మరో వరుసగా చేర్చి --అవుట్‌పుట్ సంఖ్యనే దానికి ఇవ్వండి. కచ్చితంగా సరిపోయిన పేరు కుదింపును గెలుస్తుంది కనుక అస్పష్టత పోతుంది. హెల్ప్‌లో దాన్ని చూపించనక్కర్లేదు. ఒక్క గీత పెట్టిన -అవుట్‌పుట్‌కు ఈ ఉపాయం పనిచేయదు. దానికి గెట్‌ఆప్ట్ లాంగ్‌ను పిలవకముందే ఆర్గ్యుమెంట్లను ఒకసారి తిరగేసి, ఆ రూపం కనబడితే ఎర్రర్ అవుట్‌పుట్‌లో హెచ్చరిక వేసి ఆగిపోవడమే దారి. ఫైలు పేరుగా పొరబడి ముందుకు సాగడం కన్నా, బరంపురంలో స్క్రిప్టు ఆ రోజు ఆగి మీకు ఫోన్ రావడమే నయం.